ఒక మాటకు ఒకటే పోస్టు

పాఠశాలల సదుపాయాల సంచాలకాలయం నుంచి ఆ వేసవిలో జిల్లా అంతటికీ వెళ్లిన ఇంగ్లీషు సర్క్యులర్‌లో ఉన్నవి రెండే మాటలు: 'వాటర్ ప్లాంట్స్'. వాటి కింద డైరెక్టర్ నిరంజన ప్రసాద్ గారి సంతకం, సంతకం పక్కన 'అత్యవసరం' అని ఎర్ర ముద్ర.

డైరెక్టర్ గారి ఉద్దేశం మొక్కలకు నీళ్లు పోయమని. అంతకు నెల్లాళ్ల ముందే బడుల ఆవరణల్లో లక్షా పదివేల మొక్కలు నాటించి, పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. అయితే ఊళ్లలో వాటర్ ప్లాంట్ అంటే మొక్క కాదు, డబ్బాల్లో మంచినీళ్లు పట్టి ఇచ్చే మిషన్. అందుచేత పదమూడు మండలాల అధికారులు మిషన్లకు స్థలాలు చూశారు. టేపులు పట్టి కొలతలు తీశారు. శంకుస్థాపన రాళ్ల మీద ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరిది కింద ఉండాలి అని తగవులాడుకున్నారు. ముప్ఫై ఏడు రాళ్లు లేచేసరికి లక్షా పదివేల మొక్కలూ చీపురుపుల్లలయ్యాయి.

నడిమివలస హైస్కూల్లో మాత్రం మొక్కలు బతికాయి. అక్కడ ఇంగ్లీషు చెప్పే పైడి తవిటినాయుడు మాస్టారు సర్క్యులర్ ఒక్కసారి చదివి, పిల్లల చేత పొద్దునా సాయంత్రం చెంబులతో నీళ్లు పోయించాడు. ఆయనకు యాభై మూడేళ్లు. పాతికేళ్లుగా నామవాచకం, క్రియ అంటూ బల్ల గుద్ది చెప్పీ చెప్పీ, బల్లకి సొట్ట పడ్డది గానీ ఆయన ఓపికకు పడలేదు.

మొక్కలు బతికించినందుకు ఆయనకు మెమో వచ్చింది. ఆ ఇంగ్లీషును తెలుగు చేస్తే ఇలా ఉంటుంది:

'పదమూడు మండలముల అధికారులు ఏకాభిప్రాయముతో ఒక అర్థము గ్రహించియుండగా, తమరు పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా వేరొక అర్థము గ్రహించుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెను.'

తవిటినాయుడు ఉన్నదున్నట్టు రాశాడు. ఇంగ్లీషులో వాటర్ అంటే నీళ్లు, నీళ్లు పోయడం కూడా. ప్లాంట్ అంటే మొక్క, యంత్రశాల, నాటడం కూడా. ఇలా నామవాచకంగానూ క్రియగానూ వాడే మాటలు ఆ భాషలో వేలున్నాయి. ఎక్కడ ఏదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఇంతే రాసి, విధేయుడనని సంతకం పెట్టి పంపాడు.

నాలుగో రోజున పట్నం రమ్మని కబురొచ్చింది.

అప్పటికే మొక్కల చావు మీద ముగ్గురు సభ్యుల కమిటీ విచారణ ముగించింది. తప్పు సర్క్యులర్ రాసినవారిది కాదు, చదివినవారిది కాదు, ఇంగ్లీషు భాషది అని తేల్చింది. డైరెక్టర్ గారు ఈమధ్యనే పరిపాలనా సంస్కరణల శిక్షణకు వెళ్లొచ్చారు. అక్కడ ఇచ్చిన సంచీని ఇంకా భుజం మీంచి దించలేదు. తవిటినాయుడు వెళ్లేసరికి ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని సూపరింటెండెంట్ ఓంకారం నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క కాగితం మీదా సొంత అభిప్రాయం రాయని మనిషి.

"మిస్టర్ తవిటినాయుడు! సర్వీసు నిబంధనల ప్రకారం ఒక ఉద్యోగి ఏకకాలంలో రెండు పోస్టుల్లో ఉండవచ్చునా?" అని అడిగారు డైరెక్టర్ గారు.

"కూడదండి."

"మరి ఒక మాట ఉండవచ్చునా?"

"మాటలకు సర్వీసు రూల్సు లేవు కదండీ," అన్నాడు తవిటినాయుడు.

"అదే! ఇన్నాళ్లూ లేకపోవడమే ఈ అరాచకానికి మూలకారణం!" డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచారు. "ఒక్క మాట నామవాచకం సీట్లో కూర్చుంటుంది, మళ్లీ క్రియ సీట్లోకి దూరుతుంది. ఎవడు ఏ సీట్లో ఉన్నాడో తెలియనప్పుడు పరిపాలన ఎలా సాగుతుంది?"

"కొన్నిటికి పలకడంలో తేడా ఉందండి. రికార్డ్ అన్నప్పుడు మొదటి అక్షరం ఒత్తి పలికితే నామవాచకం, రెండోది ఒత్తితే క్రియ..."

"అంటే వేషం కూడా మారుస్తోందన్నమాట! ఓంకారం, నోట్ చేసుకోండి."

ఓంకారం కలం తీసి ఆగిపోయాడు. "నోట్ కూడా రెండు పోస్టుల్లో ఉంది సార్."

డైరెక్టర్ గారు కూర్చుండిపోయారు. "చూశారా, ఈ ఇల్లు ఎంతవరకూ పుచ్చిపోయిందో!"

ఆ మధ్యాహ్నమే పద క్రమబద్ధీకరణ విభాగం పుట్టింది. తవిటినాయుడుని బడి నుంచి డెప్యుటేషన్ మీద తెచ్చి అందులో కూర్చోబెట్టారు. పెద్ద డిక్షనరీ ఒకటి, పొడుగు రిజిస్టరు ఒకటి ఇచ్చారు. రెండు పోస్టుల మాటలన్నీ ఏరి వరసగా నంబర్లు వేయాలి. బేసి సంఖ్య వచ్చింది నామవాచకం, సరి సంఖ్య వచ్చింది క్రియ. ఇకమీదట ఆ శాఖ కింద అదే దాని బతుకు.

"అర్థం చూడక్కర్లేదా అండీ?" అని అడిగాడు తవిటినాయుడు.

ఓంకారం జాలిగా చూశాడు. "అర్థం చూస్తే పక్షపాతం అంటారు మాస్టారూ. కోర్టుకి పోతారు. వరస నంబర్ల రోస్టరైతే ఎవరూ నోరెత్తరు. మీరు రాసుకుంటూ పోండి. ఇలాంటి రిజిస్టర్లు నేను పన్నెండు చూశాను. అన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి."

ఇదీ బీరువాలోకే పోతుంది కదా అనుకున్నాడు తవిటినాయుడు. గుండ్రటి దస్తూరీతో, ఎర్రసిరా గీతలతో, రెండు వేల నాలుగు వందల పదహారు మాటలకు ముచ్చటగా నంబర్లు వేశాడు. ఆయన చేసిన తప్పు అదే. రిజిస్టరు అందంగా ఉండడం చూసి డైరెక్టర్ గారు ముచ్చటపడి, ఒకటో తారీఖు నుంచి అమల్లోకి తెచ్చేశారు.

మొదట 'బుక్' దెబ్బ తగిలింది. దానికి సరి సంఖ్య వచ్చింది, క్రియ అయింది. ఏదైనా బుక్ చేసుకోవచ్చు గానీ బుక్ అనేది ఉండకూడదు. కొత్త పాఠ్యపుస్తకాలు గోదాములో ఆగిపోయాయి. గోదాము గుమాస్తా లారీ డ్రైవరుతో, "ఇవి బుక్కులని ఒప్పుకుంటే నా ఉద్యోగం పోతుంది. ఏమిటో తెలియని వస్తువులు వచ్చాయని రాసుకుంటాను," అన్నాడు. అలాగే రాసుకున్నాడు.

తర్వాత 'లీవ్'. అదీ క్రియే అయింది. ఉద్యోగుల సంఘం నాయకులు ఏడుగురు కదిలి వచ్చారు.

"మా లీవులన్నీ ఏమైపోయాయి సార్?"

"ఆందోళన అనవసరం," అన్నారు డైరెక్టర్ గారు శాంతంగా. "లీవ్ క్రియగా స్థిరపడింది. క్రియగా దాని అర్థం వెళ్లిపోవడం. తమరు నిరభ్యంతరంగా వెళ్లిపోవచ్చును."

"మరి తిరిగి రావడం?"

"అది వేరే మాట. దాని నంబరు చూడాలి."

"అయితే రేపట్నుంచి స్ట్రైక్ చేస్తాం!"

ఓంకారం రిజిస్టరు తిరగేశాడు. "స్ట్రైకుకి బేసి సంఖ్య వచ్చిందండి. నామవాచకం. ఉండొచ్చు గానీ చెయ్యడానికి వీల్లేదు."

నాయకులు బయటికి వెళ్లి గంటసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి 'స్ట్రైక్' అని పెద్ద అట్ట రాసి గేటుకి వేలాడదీసి, లోపలికొచ్చి ఎవరి సీట్లలో వాళ్లు కూర్చుని పనిచేసుకున్నారు. స్ట్రైక్ ఉంది, ఎవరూ చెయ్యడం లేదు. రెండు పక్షాల గౌరవమూ నిలబడింది.

ఇవన్నీ చూసి తవిటినాయుడు లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాడు. సాయంత్రం బస్సులో పట్నంలోని అద్దెగదికి పోతూ కూడా నవ్వుకునేవాడు. ఆ నవ్వు మూడో వారం వరకే సాగింది.

ఆ వారం ఒకనాటి పొద్దున్న దాలమ్మ వచ్చింది. నడిమివలస బడిలో పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండేది ఆమే. తెల్లారగట్ల పాసింజరు పట్టుకుని, స్టేషన్ నుంచి నడిచి, అందరినీ అడిగి అడిగి ఆయన గది గుమ్మం దగ్గర నిలబడింది. చెంగు ముడి విప్పి మడతలు పడ్డ కాగితం తీసింది.

"మేస్టారూ, తమరిక్కడున్నారనీసి హెడ్ మేస్టరమ్మ సెప్పినారు. మన బడికి కాయితమొచ్చింది. నన్ను నామవాచకమని రాసినారట. అదేటి బాబూ, తిట్టేటి?"

"తిట్టు కాదమ్మా. ఇలా ఇవ్వు." ఆ ఇంగ్లీషు కాగితాన్ని ఆయన తెలుగు చేసి చదివాడు:

'కుక్ అను పదము నామవాచకముగా స్థిరపరచబడినందున, సదరు మహిళ కుక్ హోదాలో యథావిధిగా కొనసాగవచ్చును. అయితే కుక్ చేయరాదు. ఉల్లంఘన జరుగకుండునట్లు పొయ్యికి సీలు వేయవలెను.'

"సూపర్‌వైజరు బాబొచ్చి పొయ్యి మీద లక్క పోసి సీలేసినాడు," అంది దాలమ్మ. "నాను రోజూ ఎల్లి పొయ్యికాడ కూకుంతన్నాను. కూకోవచ్చట, ఒండకూడదట. మొదటి రోజు హెడ్ మేస్టరమ్మ అటుకులెట్టించినారు. రెండో రోజు అరటిపళ్లు. రోజూ ఆవిడైనా ఎక్కడ్నించి తెస్తారు? రెండొందల పన్నెండు మంది గుంటలు బాబూ. మధ్యానం గంట కొట్టీసరికి ఇంటికెల్లిపోతన్నారు. ఇంటికాడ ఎవులున్నారు? అమ్మా బాబూ కూలికెల్లిపోతారు కదా. నిన్న పారమ్మ కూతురు, తొమ్మిది సదువుతాది సూడండి, పార్థనలో నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోనాది."

తవిటినాయుడు రిజిస్టరు తెరిచాడు. మూడు వందల డెబ్బై ఒకటి. కుక్. నామవాచకం. గుండ్రటి దస్తూరీ, కింద ఎర్రసిరా గీత. ఆ గీత స్కేలు పెట్టి గీసింది తనే. పడిపోయిన పిల్ల ఇంగ్లీషు నోటుబుక్కు కూడా అలాగే ఉంటుంది. ఆ పిల్ల తన దస్తూరీ చూసి నేర్చుకుంది.

రిజిస్టరు పట్టుకుని ఓంకారం దగ్గరకు పోయాడు. ఓంకారం చెడ్డవాడు కాదు. కాసేపు ఆలోచించి దారి చెప్పాడు.

"మ్యూచువల్ పెట్టండి మాస్టారూ. లీవ్ క్రియలో ఉంది, దానికి నామవాచకం కావాలి. కుక్ నామవాచకంలో ఉంది, దానికి క్రియ కావాలి. రెండూ సీట్లు మార్చుకుంటే సరి. సంఘం వాళ్లు ఎగిరి గంతేసి సంతకాలు పెడతారు."

"అప్పుడు దాలమ్మ వండొచ్చు కదా?"

"భేషుగ్గా వండొచ్చు. అయితే కుక్ అనే పోస్టు ఉండదు. పోస్టు లేనప్పుడు ఆమె అక్కడ ఎవరు? రూలు ప్రకారం ఆమెను తీసేయాలి. తీసేశాక వచ్చి వండుకోవచ్చు."

తవిటినాయుడు వరండాలోకి వచ్చి ఆ సంగతి దాలమ్మకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆమె గోడకి చేరబడి విన్నది.

"పేరు పోతే పోనీండి బాబూ. పేరుని పొయ్యి మీదెట్టి ఒండుతామేటి? పొయ్యి ఎలగాల."

"మరి నీ బతుకో?"

"అది తరవాత సూసుకుందుం. ముందు గుంటలు తినాల."

ఆయన లోపలికొచ్చి మ్యూచువల్ కాగితం రాయబోయాడు. పదకొండేళ్లు పొగలో నిలబడ్డ మనిషిని ఒక్క గీతతో కొట్టెయ్యాలి. తను కొట్టెయ్యకపోతే పిల్లలు పస్తు. ఉన్నట్టుండి ఇంకో తెల్లకాగితం లాగి, దాని మీద తెలుగులో రాశాడు: 'దాలమ్మ రేపటి నుంచి వంట వండవచ్చు. పొయ్యి మీది లక్క తీసేయండి.'

ముద్ర కోసం ఓంకారం ముందు పెట్టాడు. ఓంకారం మూడుసార్లు చదివాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇందులో ఇంగ్లీషు ముక్క ఒక్కటీ లేదే!" అన్నాడు అయోమయంగా. "మన రూలు ఇంగ్లీషు మాటలకే కదా. మరి దీన్ని ఏ రూలు కింద ఆపాలి?" ఆపడానికి రూలు దొరక్క, ముద్ర వేసేశాడు.

మర్నాడు నడిమివలసలో పొయ్యి వెలిగింది. రెండు వందల పన్నెండు మందీ పప్పూ అన్నం, గుడ్డు తిన్నారు. ఆ మర్నాడు డైరెక్టర్ గారు తవిటినాయుడుని పిలిపించారు. ఆయన ముందు ఆ కాగితం నకలు ఉంది.

"కార్యాలయ ఉత్తర్వు! తెలుగులో! ఎవరి అనుమతితో?"

"పిల్లలు ఆకలితో ఉన్నారండి."

"ఆకలి సంగతి వేరే సెక్షన్. భాష సంగతి చెప్పండి."

తవిటినాయుడుకి ఉద్యోగం పోయినట్టే అనిపించింది. ఎలాగూ పోయేదే కదా అని ధైర్యం చేశాడు. "సార్, తెలుగులో ఈ చిక్కు లేదండి. వంట నామవాచకం, వండు క్రియ. రాత, రాయు. నడక, నడుచు. ఆట, ఆడు. ఒక మాటకు ఒకటే పోస్టు."

డైరెక్టర్ గారు సంచీ భుజం మీంచి దించారు. అది దించడం ఆఫీసులో అందరూ అదే మొదటిసారి చూడటం.

"ఇంతటి క్రమశిక్షణ గల భాషను మన ప్రాంగణంలోనే పెట్టుకుని, మనం ఎక్కడెక్కడో వెతుకుతున్నామా! ఓంకారం! సోమవారం నుంచి ఫైళ్లన్నీ తెలుగులో."

సోమవారం నుంచి సంచాలకాలయంలో అంతకు ముందెన్నడూ జరగని విపరీతం మొదలైంది. ఆఫీసు రాసినది ఊళ్లో వాళ్లకి అర్థమవసాగింది.

ప్రహరీ గోడ కోసం ఆరేళ్లుగా అర్జీలు పెడుతున్న ఒక బడికి ఏటా 'క్రియాశీల పరిశీలనలో ఉన్నది' అనే అర్థం వచ్చే బారెడు ఇంగ్లీషు వాక్యం వెళ్లేది. అందులో ఏం పరిశీలిస్తున్నారో రాసినవాడికే తెలియదు. ఇప్పుడు ఆ వాక్యాన్ని తెలుగులో ఎలా రాయాలో తెలియక గుమాస్తా ఉన్న నిజం రాసేశాడు: 'మీ అర్జీ పోయింది. మళ్లీ పెట్టండి.' మర్నాడు ఆ ఊరివాళ్లు నలభై మంది గుమ్మంలో ఉన్నారు. గోదాములో 'ఏమిటో తెలియని వస్తువులు' పుస్తకాలని తేలి బడులకు బయల్దేరాయి. దాలమ్మ 'వంటమనిషి' పేరుతో ఉద్యోగంలోనే ఉంది, వంటా వండుతోంది. తవిటినాయుడు మళ్లీ బస్సులో నవ్వుకోసాగాడు. ఈసారి నవ్వు వేరు.

రెండు వారాలు తిరిగేసరికి అధికారులు వెనక గుమ్మంలోంచి రాకపోకలు మొదలెట్టారు. "పరిపాలన బట్టబయలైపోతోంది," అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

ఆ ఆపద నుంచి కార్యాలయాన్ని కాపాడినవాడు ఓంకారం. ఒకరోజు కాగితాలు కుడుతూ స్టేప్లరు వేలిలో గుచ్చుకుంటే, అటెండరు దూది పట్టుకొచ్చి, "చెయ్యి చూపించండి సార్," అన్నాడు. ఓంకారం కళ్లు మెరిశాయి. రక్తం కారుతున్న వేలితోనే డైరెక్టర్ గారి గదిలోకి పరిగెత్తాడు.

"సార్, చెయ్యి!"

డైరెక్టర్ గారు కరచాలనం అనుకుని చెయ్యి చాపారు.

"అది కాదు సార్. ఇదీ చెయ్యే," అని చెయ్యి ఎత్తాడు. "'పని చెయ్యి' అన్నప్పుడూ చెయ్యే. రెండు పోస్టులు!"

డైరెక్టర్ గారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నారు.

"ఇంకా ఉన్నాయి సార్. పండు అంటే తినేదీ, చెట్టుని పండమనడమూ. కాలు అంటే మనం నడిచేదీ, కట్టెలు కాలడమూ. తవ్విన కొద్దీ వస్తున్నాయి."

తవిటినాయుడుని పిలిపించారు. ఒక మాటకు ఒకటే పోస్టు అని ప్రభుత్వాన్ని తప్పుదోవ పట్టించినందుకు సంజాయిషీ అడిగారు.

"ఏ భాషలోనైనా కొన్ని ఉంటాయండి," అన్నాడాయన. "సందర్భాన్ని బట్టి తెలుస్తుంది."

"ఆ సందర్భం అనేది ఏ శాఖ కింద వస్తుంది?" అన్నారు డైరెక్టర్ గారు.

ఆ సాయంత్రమే తెలుగును విచారణ నిమిత్తం తాత్కాలికంగా సస్పెండు చేశారు. ఇంగ్లీషు మాటలకు మునుపటి రెండు పోస్టులూ 'అదనపు బాధ్యతలు' పేరుతో తిరిగి ఇచ్చారు. లీవులు వచ్చాయి, గేటు మీది అట్ట దిగింది, అర్జీలు మళ్లీ క్రియాశీల పరిశీలనలోకి వెళ్లిపోయాయి. దాలమ్మ కుక్ అయింది, కుక్ చెయ్యవచ్చు కూడా. పద క్రమబద్ధీకరణ విభాగం రద్దయింది. తవిటినాయుడుని బడికి పంపేశారు.

తెలుగు మాటల నేరాల మీద కమిటీ పడింది. దాని నివేదిక వచ్చేలోగా ఒక్క మాట విషయంలో మాత్రం ఇంగ్లీషులోనే మధ్యంతర ఉత్తర్వు జారీ అయింది: 'చెయ్యి అను పదమును నామవాచకముగా మాత్రమే పరిగణించవలెను. శాఖాపరముగా ఎవ్వరునూ దానిని క్రియగా వాడరాదు.' సంచాలకాలయంలో దాని అమలుకు ఏ ఇబ్బందీ కలగలేదు. అందరి చేతులూ బల్లల మీదనే ఉన్నాయి, ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేకపోయింది. ఇంత సాఫీగా అమలైన ఉత్తర్వు శాఖ చరిత్రలోనే లేదని డైరెక్టర్ గారు సమీక్షలో సంతోషం వెలిబుచ్చారు.

ఆ ఉత్తర్వు నడిమివలసకు చేరేసరికి మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు కంచాలతో వరస కట్టారు. పారమ్మ కూతురు ముందే ఉంది. దాలమ్మ చెంగు దోపుకుని గరిటెతో పప్పు వడ్డిస్తోంది. తవిటినాయుడు కాగితం విప్పి నిలబడ్డాడు.

"దాలమ్మా, నీకు చెయ్యి ఉండొచ్చట. చెయ్యడానికి మాత్రం వీల్లేదట."

"ఎవులన్నారు?"

"డైరెక్టర్ గారు."

దాలమ్మ గరిటె ఆపలేదు. "ఆ బాబింటికాడ ఎవులొండుతున్నారో కనుక్కున్నారేటి?" అంది. "ఆ కాయితం అలగెట్టి కంచం అందుకోండి. సల్లారిపోతాది."

ఆయన పిల్లల పక్కనే కూర్చుని తిన్నాడు. పప్పులో మామిడికాయ పడింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. తిన్నాక గుర్తొచ్చింది, ఉత్తర్వు మీద తీసుకున్న చర్యను ఆ రోజే తెలియజేయాలని కింద రాసి ఉంది. కుళాయి దగ్గరకు వెళ్లి వచ్చి, కలం తీసి, 'తీసుకున్న చర్య' అన్న గడిలో గుండ్రటి దస్తూరీతో రాశాడు:

'చెయ్యి కడుక్కున్నాము.'